ఇంకా రాని కళ్లద్దాలు

బాన్సువాడ బస్టాండు ఎదుటి వరుసలో నాది కళ్లద్దాల దుకాణం. నేను డాక్టర్ను కాను. చూపు కొలుస్తాను, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను, నా చేతిలో లేనిది కనిపిస్తే నిజామాబాద్ కంటి దవాఖానకు పొమ్మని చీటీ రాసి పంపుతాను. అయినా సగం మంది నన్ను డాక్టర్ సాబ్ అనే పిలుస్తారు. మొదట్లో వద్దని చెప్పేవాణ్ని. తర్వాత చెప్పడం మానేశాను. అలా మానేయడం కూడా ఒక చిన్న అబద్ధమేనని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఆ ఏడు వానాకాలంలో ఒక వార్త ఫోన్లలో తిరిగింది. ఏదో పెద్ద కంపెనీ కొత్త రకం కళ్లద్దాలు తెస్తోందట. అవి పెట్టుకుంటే ఫోన్లో కనిపించేదంతా గాలిలో కనిపిస్తుందట. ఎదుటి మనిషి ఎవరో, పోయే దారి ఎటో, చదవాల్సిన అక్షరాలు ఎంత పెద్దవి కావాలంటే అంత పెద్దవిగా కంటి ముందు తేలుతాయట. వాటితో పాటే పుస్తకంలా మడతపడే కొత్త ట్యాబ్ కూడా వస్తుందట. ఎవరూ చూడలేదు. కంపెనీ కూడా ఔననలేదు, కాదనలేదు. వీడియోలు మాత్రం బోలెడు ఉన్నాయి, అన్నీ బొమ్మ గీసి చూపించినవే.

ఫోన్ల దుకాణాలు నా పక్కనే నాలుగున్నాయి. కానీ అద్దాలన్నారు కాబట్టి జనం నా దగ్గరికే వచ్చారు.

"డాక్టర్ సాబ్, గా ఫోను అద్దాలు వచ్చినయా?" అని బీర్కూర్ నుంచి వచ్చిన రైతు ఒకాయన అడిగాడు.

"ఇంకా రాలేదన్నా."

"వస్తే నాకో జత పక్కకు పెట్టు. గట్టు మీద నిలబడి చూస్తే ఏ మడికి ఏ రోగం తాకిందో అద్దమే చెప్తదట."

పక్కన చత్వారం అద్దాల కోసం వచ్చిన ఆయన భార్య మూతి విరిచింది. "ముందుగాల ఇంట్ల ఉప్పు డబ్బ ఏడున్నదో చెప్తదేమో అడుగు. పెండ్లయిన కాడికెళ్లి ఈయనకు కనిపిస్తలేదు."

మరాఠీ మాట్లాడే సరిహద్దు పల్లె డోంగ్లి నుంచి వచ్చిన ఇంకొకాయనది వేరే ఫికరు. "మరాఠీల మాట్లాడితే అద్దంల తెలుగుల పడ్తదట, నిజమేనా? మా అత్త నన్ను మరాఠీలనే తిడ్తది. ఏం తిడ్తదో ఇప్పటిదాక తెల్వదు."

"తెల్వకపోవుడే మంచిగున్నది గదన్నా" అన్నాను. దుకాణమంతా నవ్వింది.

ఒక తండ్రి ఇంటర్ చదివే కూతురిని తీసుకొచ్చాడు. ఆ పిల్ల బోర్డు కనిపించక కళ్లు చికిలించి చికిలించి నుదుటి మీద గీత తెచ్చుకుంది. చూపు కొలిచాను. అద్దాలు రాసిస్తుంటే తండ్రి ఆపాడు. "కొత్తయి వస్తయంటున్నరు గదా. గప్పటిదాక ఆగుదాం. ఇప్పుడు ఒకటి, అప్పుడు ఒకటి ఎందుకు?" నేను సరేనన్నాను. ఆ వార్త వల్ల నా దుకాణానికి ఒక కళ వచ్చింది. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అంత ఆత్రంగా ఏదీ అడగలేదు. ఆ పిల్ల మెట్లు దిగేటప్పుడు మెట్టు కోసం కాలితో తడుముకోవడం చూశాను. చూసి కూడా పిలవలేదు.

*

దుకాణం తర్వాత నా బతుకంతా మా భజన మండలే. శనివారం శనివారం సాయంత్రం, కార్తీకంలో అయితే ప్రతి సాయంత్రం, ఆలయం పక్క రేకుల కొట్టంలో పారాయణం జరుగుతుంది. ఒకరు మూలం చదువుతారు, ఒకరు అర్థం చెబుతారు. చదివేది అవ్వ. అర్థం చెప్పేది నేను. అవ్వ నాకు చుట్టం కాదు. బీర్కూర్ దగ్గరి రైతు కుటుంబంలో పుట్టి బాన్సువాడ కోడలై వచ్చింది. మండలికంతా అవ్వే. ముప్పై ఒక్క కార్తీకాలు ఒక్క రోజు తప్పకుండా వ్యాసపీఠం ముందు కూర్చున్న మనిషి.

మా ఇద్దరికీ నేర్పినది ఒక పెద్దాయన. ఆయన కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆయన మాకు పెట్టిన కట్టుబాట్లు కొన్నే. చదివే మనిషి తలస్నానం చేసి కూర్చోవాలి. ఎంత కంఠస్థం వచ్చినా అక్షరం మీద కన్ను, పంక్తి కింద వేలు ఉంచే చదవాలి. జ్ఞాపకం మనది, అక్షరం స్వామిది, మనదాన్ని నమ్ముకుని స్వామిదాన్ని పక్కన పెట్టొద్దనేవాడు. ఇక అర్థం చెప్పేవాడికి ఒకటే మాట. చదవని దానికి అర్థం చెప్పకూడదు. పీఠం మీద వినిపించినంత వరకే నోరు విప్పాలి. ముందు కథ తెలుసు గదా అని దూకకూడదు.

శ్రావణంలో ఒక శనివారం అవ్వ రెండు కాగితాలు కలిపి తిప్పింది. గొంతు మాత్రం ఎక్కడా తొట్రుపడలేదు. నేను పక్కనే కూర్చుంటాను కాబట్టి నాకు కనిపించింది. వేలు ఒక పద్యం కింద ఉంది, గొంతు ఇంకో పద్యంలో ఉంది.  అవ్వ అక్షరాలు చూడడం లేదు. ఎప్పటి నుంచో చూడడం లేదు. వరుసగా అన్నీ నోటికి వచ్చు కాబట్టి అలవాటు మీద కాగితాలు తిప్పుతూ పోతోంది. పద్యం అయిపోయింది. నేను ఒక్క క్షణం ఆగి, గొంతు చదివినదానికే అర్థం చెప్పాను. ముందు వరుసలో ఎవరికీ అనుమానం రాలేదు.

అవ్వ కుడికంట్లో శుక్లం ఉందని నాకు ముందే తెలుసు. వేసవిలో చీటీ రాసి నిజామాబాద్ పంపింది నేనే. అక్కడి డాక్టర్ ఆపరేషన్ చేయాలని చెప్పి భాద్రపదంలో రోజు ఇచ్చాడు. అది జరుగుతుందనే నేను అనుకుంటున్నాను.

ఆ సాయంత్రం పారాయణం ముగిశాక అవ్వను ఇంటి మలుపు దాకా నడిపించుకుంటూ వెళ్లాను. నా మోచెయ్యి పట్టుకుని నడుస్తూ అడిగింది.

"ఏందిరా కొడకా, గా అద్దాల ముచ్చట నిజమేనా? అక్షరాలు గాలిల కనిపిస్తయట?"

ఆ సంగతి అవ్వ దాకా వచ్చినందుకు నాకు నవ్వొచ్చింది. జాలి కూడా కలిగింది. పంక్తి తప్పిన వేలు ఇంకా నా కళ్లలోనే ఉంది.

"నిజమే అవ్వా. దసరాకల్లా వస్తయట. ఒక్కొక్క అక్షరం బొటనవేలంత కనిపిస్తది. అందరికన్న ముందుగాల నీకే పెడ్త."

"హరి దయ" అని చేతులు జోడించి లోపలికి వెళ్లింది.

నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. శుక్లం అంటే కంటి లోపలి కటకం మసకబారడం. బయట ఎలాంటి అద్దం పెట్టినా లోపలి మసక పోదు. ఈ మాట నా దుకాణంలో వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. ఆ మలుపు దగ్గర మాత్రం వృత్తి గుర్తుకు రాలేదు. ఒక ముసలి ప్రాణం సంతోషపడుతుంటే చూడాలనిపించింది, అంతే.

*

దసరా వచ్చింది, పోయింది. అద్దాలు రాలేదు. వచ్చే సంవత్సరమట అని ఫోన్లు చెప్పాయి. కార్తీకానికి రెండు వారాలుందనగా ఒక పొద్దున అవ్వను వాళ్ల కోడలు ఆటోలో దుకాణానికి తీసుకొచ్చింది.

"అన్నా, జర చూడుండ్రి. నిన్న గడప తట్టుకొని పడబోయింది."

అవ్వ ఎడమకన్ను మూసి, కుడికంటి ముందు నా వేళ్లు పెట్టాను. "ఎన్ని వేళ్లవ్వా?"

"ఏం వేళ్లు?"

చెయ్యి ఊపాను. "ఏదో కదుల్తుంది" అంది.  ఎడమకన్ను కొంత నయం, అది కూడా పెద్దక్షరాలకే.

"భాద్రపదంల ఆపరేషన్ కాలేదా?" అని కోడలిని అడిగాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "మీరే గదన్నా కొత్త అద్దాలు ఇస్తమన్నరట. కోత ఎందుకు, అద్దాలొస్తున్నయ్ అని ఖరాకండిగ చెప్పింది. దవాఖానకు రానే రాలే. మీ మాట అనేటాలకు నేను గూడ ఊకున్న."

దుకాణంలో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాను. కానీ మలుపు దగ్గర వదిలిన మాట ఇప్పుడు నలుగురిలో పడింది, నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. అవ్వ స్టూలు ముందు కింద కూర్చున్నాను.

"అవ్వా, గా అద్దాలు నేను చూడలేదు."

"చూడలేదా?"

"ఫోన్ల విన్న. ఉన్నయో లేవో గూడ నాకెరుక లేదు. ఉన్నా నీకు అక్కరకు రావు. పొర కంటి లోపలున్నది. అది తీస్తేనే చూపు. గా సంగతి నాకు మంచిగ ఎరుక. ఎరుకుండి చెప్పిన."

 అవ్వ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తిడితే బాగుండుననిపించింది.

"గా పక్కన ఫోన్లమ్మెటోడు చెప్తే నవ్వుకుంట పోదును" అంది చివరికి. "నువ్వు అర్థం చెప్పేటోనివి కొడకా. ఇన్నేండ్ల సంది నువ్వు చెప్పిందే అర్థమనుకున్న. పెద్దాయన నీకేం చెప్పిండు?"

"చదవని దానికి అర్థం చెప్పొద్దన్నడు."

"గదే మరి."

నేను తల వంచుకున్నాను. నా తల మీద చెయ్యి పడింది.

"నేను మాత్రం ఏం సక్కదనం? వానాకాలం సంది చూడకుంట చదువుతున్న."

"నాకెరుకే అవ్వా."

"నీకు ఎరుకని నాకు ఎరుకే. గా శనివారం నీ గొంతు జర ఆగింది." తనే మళ్లీ, "ఇద్దరం ఇద్దరమే" అని నవ్వింది. కోడలు ఏమీ అర్థంకాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

నవ్వింది కానీ చిక్కు తీరలేదు. వెంటనే నిజామాబాద్ ఫోన్ చేస్తే వచ్చే సోమవారమే రమ్మన్నారు. ఇంకా ఆలస్యమైతే శుక్లం ముదిరి కోత కష్టమవుతుందని గట్టిగా చెప్పారు. ఆపరేషన్ తర్వాత నెలన్నర తలకు నీళ్లు పోసుకోకూడదు. కంట్లో నీటి చుక్క పడకూడదు. చదివే అద్దాలు కూడా ఆ తర్వాతే కొలుస్తాం. అంటే కార్తీకమంతా తలస్నానం లేదు, అక్షరం లేదు, పీఠం లేదు.

"అయితే మార్గశిరంల చేయించుకుంట" అంది అవ్వ.

"అప్పటికి కన్ను ఉండకపోవచ్చవ్వా."

"గీ నెల పీఠం ఇడిచి ఇంట్ల కూసుంటే నేనుండి ఏం ఫాయిదా?"

 పట్టుదల అనుకోవచ్చు. కానీ మొగుడు పోయిన ఏడు కూడా, ఆమెను మళ్లీ మనుషుల్లోకి తెచ్చి కూర్చోబెట్టింది ఆ పీఠమేనని మాకందరికీ తెలుసు. స్వామి పేరు మీద పట్టుకున్న దాన్ని వదలమని చెప్పే నోరు నాకు లేదు. ముఖ్యంగా నాకు లేదు.

*

ఆ శనివారం మండలిలో సంగతంతా చెప్పాను. నా తప్పుతో సహా చెప్పాను. మా మండలిలో హార్మోనియం వాయించే ఆయన, తాతల నాడు కాలువ నీళ్లున్నాయని కోస్తా నుంచి వచ్చి వరి పొలాలు చేసుకుంటున్న కుటుంబం వాడు, సంచిలోంచి ఒక ట్యాబ్ తీశాడు.

"డాక్టరుగారూ, ఆ రాని అద్దాలు పక్కన పెట్టండి. వచ్చిన ట్యాబ్ ఇది. గ్రంథం మొత్తం ఇందులోకి ఎక్కించాను. ఇంకో రెండు నెలలాగితే మడతపెట్టేది వస్తుందంట గానీ, మనకు ఆగే తీరిక లేదు కదా. అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. మామ్మగారి ఎడమకంటికి సరిపోతుంది. ఆపరేషన్ కుడికంటికే కదండీ."

అందరికీ బాగుందనిపించింది. వ్యాసపీఠం మీద పట్టుగుడ్డ పరిచి ట్యాబ్ నిలబెట్టారు. పీఠం అలంకరించే అక్క ఎప్పటి అలవాటు కొద్దీ తడి కుంకుమ వేలితో దానికీ ఒక బొట్టు పెట్టింది. తెర మీద కాగితాలు బరబరా తిరిగిపోయాయి.

"అమ్మా, ఒక్క బొట్టుకే పది పద్యాలు దాటించేశారు" అన్నాడు హార్మోనియం ఆయన. "అక్షింతలు కూడా వేశారంటే కార్తీకం ఇవ్వాళే అయిపోద్ది."

నవ్వులు తగ్గాక అసలు తగువు మొదలైంది. వెనక వరుసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు.

"నాకొక శంక. ఇది గ్రంథమా, కాదా?"

"గ్రంథమేనండి. ఉన్నది అదే కదా."

"గ్రంథమైతే తలకు పోసుకోకుంట అవ్వ ఎట్ల ముట్టుతది?"

హార్మోనియం ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. "పోనీ, గ్రంథం కాదనుకుందాం. మిషనే కదా."

"గ్రంథం కాకుంటే దాన్ని చూసి చదివింది పారాయణం ఎట్లయితది?"

అక్కడ బండి దిగబడింది. ఒకరు ఇటు, ఒకరు అటు. నెత్తిన నీళ్లు చల్లుకుంటే చాలని ఒకరు, మంత్రస్నానం ఉంది కదా అని ఒకరు. కొత్తగా చేరిన అక్క ఒకామె నెమ్మదిగా, "గా అద్దాలే వచ్చి ఉంటే ముట్టుకునుడే ఉండకపోవు, గాలిల చదువుకునేది" అంది. లేని అద్దాల మీద ఇంకో అరగంట వాదన నడిచింది. గాలిలో తేలే అక్షరం మడి కింద లెక్కా, మైల కింద లెక్కా అని కూడా వచ్చింది. నేను నోరు తెరవలేదు. ఆ వస్తువు గురించి ఇక ఒక్క మాటా మాట్లాడనని ఒట్టు పెట్టుకుని ఉన్నాను.

ఇదంతా వింటూ అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఉన్నట్టుండి నన్ను పిలిచింది.

"కొడకా, అర్థం చెప్పెటోడు తలకు పోసుకోవాల్నని పెద్దాయన చెప్పిండా?"

 గుర్తు చేసుకున్నాను. "లేదవ్వా. కాళ్లు చేతులు కడుక్కొని, మనసు కుదుర్చుకొని కూసోమన్నడు."

"పుస్తకం ముట్టాల్నన్నడా? చూడాల్నన్నడా?"

"లేదు. చెవి పెట్టి వినమన్నడు."

"అయితే జరుగు. గీ కార్తీకం నీ జాగల నేను కూసుంట. నా జాగల నువ్వు కూసో."

 "అవ్వా, నాకు గొంతు లేదు. పద్యం నడక రాదు."

"కండ్లున్నయి గదా, కండ్లద్దాలోనివి. చూసి చదువు. తప్పు పోతే నేనున్న."

ట్యాబ్ సంచిలోకి వెళ్లింది. హార్మోనియం ఆయన దాన్ని తుడుస్తూ, "బొట్టు మాత్రం ఉండనిద్దాం, శుభం" అన్నాడు.

*

ఆపరేషన్ మంచిగా జరిగింది. మూడోనాడు అవ్వ కంటికి మందు చుక్కలు, ముఖానికి దవాఖానలో ఇచ్చిన నల్లద్దాలతో తిరిగి వచ్చింది. ముఖంలో సగం అద్దాలే. పక్కల నుంచి కూడా వెలుగు రాకుండా కప్పేసినవి. ఆటో దిగి కోడలి చెయ్యి పట్టుకుని బజారు మీదుగా నడిచింది. అంతే, బాన్సువాడలో పుకారు కొత్తగా పుట్టింది.

మర్నాడు దుకాణం తెరిచేసరికి నలుగురు నిలబడి ఉన్నారు. "డాక్టర్ సాబ్, గా అద్దాలు వచ్చినయట గదా. భజన అవ్వకు ముందుగాల ఇచ్చిన్రట. మాకెందుకు చెప్పలే?"

"గవి మామూలు నల్లద్దాలు. కంటి ఆపరేషన్ చేస్తే ఎవలకైనా ఇస్తరు."

"దాచిపెడుతున్నవ్ తియ్యి."

ఈసారి నేను విసుక్కోలేదు. వచ్చిన ప్రతివాడికీ అదే మాట చెప్పాను. నేను చూడలేదు, నాకు తెలియదు, నా దగ్గర లేవు. అంత చిన్న మాట చెబితే లోపల ఎంత తేలికగా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఎవరైనా డాక్టర్ సాబ్ అంటే, "డాక్టర్ను కాదన్నా" అని మళ్లీ మొదలుపెట్టాను. ఇంటర్ పిల్ల తండ్రికి నేనే ఫోన్ చేశాను. వచ్చేవాటి సంగతి వచ్చినప్పుడు చూద్దాం, పిల్లకు బోర్డు ఇప్పుడు కనిపించాలి అన్నాను. ఆ సాయంత్రమే తీసుకొచ్చాడు. అద్దాలు పెట్టుకుని ఆ పిల్ల వీధి చూసి, "గా బస్సు మీద పేరు కూడ కనిపిస్తుంది నాయినా" అంది.

కార్తీకం మొదటి సాయంత్రం మా కొట్టం నిండిపోయింది. కోతల కాలం. రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. అయినా కాలువ పల్లెల నుంచి కూడా జనం వచ్చారు. సగం మంది స్వామి కోసం, సగం మంది అవ్వ అద్దాల కోసం. తల తడితోనే నేను పీఠం ముందు కూర్చున్నాను. ఇన్నేళ్లు పక్క నుంచి చూసిన పంక్తి ఎదురుగా ఎంత పొడుగుందో!  నాలుగో పాదంలో ఊపిరి చాలలేదు.

"ఒక అక్షరం మింగినవ్" అంది అవ్వ, పక్క నుంచి మెల్లగా. మళ్లీ చదివాను.

ఎదుటి వరుసలో ఒక పడుచు అతను ఉండబట్టలేక అడిగేశాడు. "అవ్వా, గా అద్దాలల్ల ఏం కనిపిస్తుందే?"

అవ్వ ముఖం అటు తిప్పింది. "భజనల కూసోని ఒళ్లె ఫోను పెట్టుకున్నోళ్లు కనిపిస్తున్నరు."

నాలుగైదు ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. అందులో ఒకటి హార్మోనియం ఆయనది.

తర్వాత అవ్వ అర్థం చెప్పింది. భక్తుడొకడు స్వామి ఉన్నాడని చెవితో విని, చూడకుండానే ఎదురుచూసిన ఘట్టం అది. దానికి నేను ఏటా చాలాసేపు చెప్పేవాణ్ని. సమాసాలు విడగొట్టేవాణ్ని, శ్రవణ భక్తి గురించి పెద్దలు చెప్పినవన్నీ తెచ్చేవాణ్ని. అవ్వ నాలుగు మాటల్లో ముగించింది.

"విన్నడు. నమ్మిండు. కూసోని ఆగలే, తన పని చేసుకుంటనే ఆగిండు. గందుకు స్వామి వచ్చేటాలకు వాడు తయారుగ ఉన్నడు. నేను అట్ల ఆగలే. ఒక వస్తువు కోసం ఆగిన, కన్ను పోగొట్టుకుంటుంటి. స్వామే మందలిచ్చి దవాఖానకు తోలిండు. ఇగ చదువు కొడకా."

 నేను వెంటనే చదవలేకపోయాను. కళ్లు మసకబారి పంక్తి కనిపించలేదు. కన్ను అక్షరం మీద పడేదాకా నోరు విప్పకూడదు కాబట్టి, కండువాతో తుడుచుకుని, వేలు పెట్టుకుని, అప్పుడు చదివాను.

ఆ నెలంతా అలాగే నడిచింది. పదో రోజుకి నా గొంతు పద్యం నడక పట్టింది. అవ్వ తప్పులు దిద్దడం తగ్గింది. ఆ స్థానంలోంచి వింటుంటే గ్రంథం వేరేగా వినిపిస్తుందని, ఇన్నేళ్లు చదివే తొందరలో వినలేదని ఒకరోజు అంది. ముప్పై రెండో కార్తీకం కూడా తప్పలేదు.

*

మార్గశిరం రెండో వారంలో అవ్వ దుకాణానికి వచ్చింది. జుట్టు ఇంకా తడిగా ఉంది. నెలన్నర తర్వాత ఆ పొద్దునే తలకు పోసుకుందట. కోడలి చేతిలో పట్టుగుడ్డలో చుట్టిన గ్రంథం.

"అది ఎందుకవ్వా? గోడ మీద అక్షరాల బోర్డుంది గదా."

"నీ బోర్డు ఎవలకు కావాలె? నాకు కావాల్సింది దీంట్ల కనిపిస్తేనే కనిపించినట్టు."

చూపు కొలిచాను. కుడికన్ను పిల్లల కన్నులా తేటగా ఉంది. అదే పూట చదివే అద్దాలు కోసి, మట్టిరంగు ఫ్రేములో బిగించి, తుడిచి, అవ్వ ముక్కు మీద నిలబెట్టాను. గాజు బల్ల మీది ఫ్రేములన్నీ పక్కకు జరిపి శుభ్రమైన గుడ్డ పరిచాను. గ్రంథం విప్పి దండం పెట్టుకుని, ఏదో ఒక కాగితం తెరిచింది. వరుస అలవాటు లేని చోటు నుంచి మొదలుపెట్టింది.

నేను పక్కనే నిలబడి చూశాను. వేలు కదిలింది, గొంతు కదిలింది. పాదం మధ్యలో వేలు ఆగింది, అక్కడే గొంతూ ఆగి ఊపిరి తీసుకుంది. మళ్లీ రెండూ కలిసే సాగాయి.

గుమ్మంలో ఎవరో బీర్కూర్ బస్సు దిగి వచ్చి నిలబడ్డారు. "గవేనా డాక్టర్ సాబ్, గా కొత్త అద్దాలు?" అని అడిగారు. అవ్వ తల ఎత్తకుండానే ఎడమచెయ్యి పైకెత్తి ఆగమంది. పద్యం చివరి దాకా చదివి, వేలు అక్కడే ఉంచి, నా వైపు తిరిగింది.

ఇక నా వంతు. అర్థం చెప్పాను. చదివినదానికే, చదివినంత మేరకే.